రోకలిబండ కాళ్ళు లెక్కపెట్టిన రోజులు

మా ఇంట్లో దానికి మూడు పేర్లుండేవి. అమ్మకి అది రోకలిబండ. సైన్సు పుస్తకం అప్పుడప్పుడే చేతికొచ్చిన అక్కకి సహస్రపాది. ఎవరు పెట్టిన పేరూ నచ్చని నాకు రైలుపురుగు. నాలుగు వానలు పడ్డాయంటే చాలు, పెరటి గోడ అడుగున, నీళ్ళ తొట్టి పక్కన, రాలి కుళ్ళుతున్న ఆకుల కింద ఎక్కడ చూసినా అవే. నల్లగా, నున్నగా, ఎవరితోనూ పనిలేనట్టు తమ దారిన తాము పోతుండేవి. దారికి అడ్డంగా పుల్ల పెడితే ఆగి, మీసాలతో ఒకసారి తడిమి, పక్కకి తిరిగి మళ్ళీ బయల్దేరేవి. కోపం తెచ్చుకోవడం వాటికి చేతకాదు.

ఒళ్ళు చూస్తే రోకలి, నడక చూస్తే రైలు, కాళ్ళు చూస్తే వెయ్యి. మొదటి రెండు పేర్లతో ఎవరికీ పేచీ లేదు. ఎవరూ లెక్కలు అడగరు. మూడోదానితోనే చిక్కొచ్చింది.

"ఒరేయ్, దీనికి వెయ్యి కాళ్ళుంటాయట. పుస్తకంలో ఉంది. లెక్కపెట్టు చూద్దాం" అని ఒక సెలవు మధ్యాహ్నం అక్క నన్ను గోడ దగ్గర కూర్చోబెట్టింది. తను లెక్కపెట్టదు. తనది పర్యవేక్షణ.

కదిలేదాని కాళ్ళు లెక్కపెట్టడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్ళకే తెలుస్తుంది. అన్ని కాళ్ళూ ఒకేసారి లేవవు. కొన్ని లేస్తాయి, వాటి ముందువి ఇంకా నేలమీదే ఉంటాయి, ఇవి ఆనేలోపు అవి లేస్తాయి. తోకవైపు నుంచి తలవైపుకి అలలు అలలుగా ఆ కదలిక పోతూనే ఉంటుంది. ఇరవై దాకా వచ్చేసరికి మన చూపు కూడా ఆ అలతోపాటే ముందుకి జారిపోతుంది. ఎక్కడ ఆపామో తెలీదు, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పోనీ కాసేపు ఆపుదామని వేలితో తాకామా, ఇంకేముంది, గుండ్రంగా చుట్టుకుపోతుంది. కాళ్ళన్నీ లోపలికి, గట్టి పెంకు బయటికి. అది నమ్మకం కుదిరి విచ్చుకునేదాకా మనం పడిగాపులు కాయాల్సిందే. అక్క అప్పటికి రెండుసార్లు లోపలికెళ్ళి వచ్చేది. "ఎంతదాకా వచ్చింది?" అని మాత్రం అడగడం మానేది కాదు.

మా అవస్థ తాతయ్య చూశారు. ఆయన రిటైరైన లెక్కల మేష్టారు. పేపరు చదవడానికి వాడే భూతద్దం పట్టుకుని వచ్చి, గోడవార ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. కాసేపు నా పాట్లు చూసి, "కాళ్ళు లెక్కపెట్టకురా నాన్నా, కణుపులు లెక్కపెట్టు. కణుపుకెన్నో చూసి హెచ్చవేసుకో" అన్నారు. కణుపులైతే కదలవు. చుట్టుకున్నా బయటికే కనిపిస్తాయి. అదృష్టం ఏమిటంటే, ఆకుల కింద ఒక చచ్చిపోయిన రోకలిబండ దొరికింది. దాన్ని తెల్ల కాగితం మీద వెల్లకిలా పెట్టి, భూతద్దం కింద చూశాం.

ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పైనుంచి నల్లగా మెరిసేది, కింద మాత్రం లేత గోధుమరంగు. కణుపుకీ కణుపుకీ మధ్య సన్నటి గీత. ఒక్కో కణుపు అడుగు నుంచి అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు కాళ్ళు. వెంట్రుకంత సన్నం, అయినా ఒక్కోదానికీ చిన్నచిన్న కీళ్ళు, చివర కొసగా గోరు. అన్ని కణుపులూ ఒకేలా ఉంటాయనుకుంటే కాదు. తల వెనకే ఉన్న కణుపుకి కాళ్ళే లేవు. ఆ తర్వాతి మూడింటికి ఒక్కొక్క జతే. అక్కణ్ణుంచి జతలు రెండేసి. తోక చివర మళ్ళీ ఖాళీ. తాతయ్య కాగితం అంచున పెన్సిలుతో హెచ్చవేసి, తగ్గించాల్సినవి తగ్గించి, లెక్క తేల్చారు. రెండు వందల చిల్లర.

అక్క మొహం చూడాలి. "ఇది చిన్నది తాతయ్యా. పెద్దదైతే వెయ్యుంటాయి" అంది. అప్పుడే వచ్చిన మావయ్య సంగతి విని, "వెయ్యి కాళ్ళ జెర్రికి ఒక కాలు పోతే లెక్కా అంటారు. మీరేమో ఎనిమిది వందలు ఎగ్గొట్టారు కదర్రా" అని నవ్వాడు.

మావయ్య జెర్రి అన్నాడు కానీ, జెర్రీ రోకలిబండా ఒకటి కాదు. చాలామంది రెంటినీ కలిపేస్తారు. జెర్రి ఒళ్ళు బల్లపరుపుగా ఉంటుంది, కణుపుకి ఒకే జత కాళ్ళు, పరుగు జోరు, పట్టుకుంటే కరుస్తుంది, విషం కూడా ఉంటుంది. పురుగుల్ని వేటాడి తింటుంది. రోకలిబండకి కోరల్లేవు, పరుగూ లేదు. కుళ్ళిన ఆకులు తిని మట్టిలో కలిపేయడమే దాని పని. తోటలో ఎండుటాకుల పొర ఏడాది తిరిగేసరికి నల్లటి మట్టిగా మారుతోందంటే అందులో వీటి చేయి, అదే, కాలు ఉందన్నమాట. జెర్రికి శతపాది అని పేరు. తమాషా ఏమిటంటే, పెరిగిన జెర్రి కాళ్ళ జతలు దాదాపు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే ఉంటాయి. పదిహేను జతల దగ్గర మొదలై నూట తొంభై ఒకటి దాకా పోతాయి. నూరు కాళ్ళుండాలంటే సరిగ్గా యాభై జతలుండాలి. యాభై సరి సంఖ్య. కాబట్టి శతపాదికి శతం కుదరదు. ఈ సంగతి డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు తెలిసింది. తెలిసిన రోజు ముందుగా గుర్తొచ్చింది అక్కే.

లైబ్రరీలో ఆ పుస్తకాలు తిరగేస్తుంటే రోకలిబండ పేరు ఎన్ని దేశాల్లో ఎలా పలికిందో చూసి భలే సరదా వేసింది. లాటిన్లో మిల్లే అంటే వెయ్యి, పెస్ అంటే పాదం. మిల్లిపీడ్ అన్నది అందులోంచి వచ్చిందే. ఫ్రెంచివాళ్ళూ జర్మన్లూ కూడా వెయ్యి దగ్గరే ఆగారు. పర్షియన్లో హజార్‌పా, అదీ వెయ్యే. తుర్కీవాళ్ళు మాత్రం నలభై కాళ్ళది అన్నారు, రష్యన్లు కూడా ఈ జాతి పురుగుల్ని నలభై లెక్కనే పిలుస్తారు. పాపం, కాస్త మొహమాటస్తులు. గ్రీకు మాట తెచ్చుకున్న శాస్త్రవేత్తలు అసలు హద్దే పెట్టుకోలేదు. జెర్రుల్నీ రోకలిబండల్నీ కలిపిన పెద్ద గుంపుకి మిరియాపొడా అని పేరు పెట్టారు. మిరియాస్ అంటే పదివేలు. నలభైకీ పదివేలకీ మధ్య ఎక్కడో అసలు సంఖ్య ఉంటుంది, ఎవరికి తోచింది వాళ్ళు అనేశారు. నిజానికి వీళ్ళెవరూ లెక్కపెట్టి చెప్పింది కాదు. 'బోలెడు' అనడానికి ఎవరి నోటికొచ్చిన అంకె వాళ్ళు వాడారంతే. ఆఫ్రికా దక్షిణాన ఉన్నవాళ్ళు అంకెల గొడవే పెట్టుకోలేదు. అక్కడ షొంగొలోలో అంటారు. చుట్టుకుపోవడం అనే అర్థమున్న జులూ మాటలోంచి వచ్చింది. ఇది మా అమ్మ పద్ధతి. కంటికి కనిపించిందే పేరు.

నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చిన పేరు 1844లో ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త బ్లాంవిల్ పెట్టింది. డిప్లొపొడా. జంట పాదాలది. మొత్తం ఎన్నో చెప్పడు, కణుపుకి రెండు జతలు అంటాడు, అంతే. భూతద్దంతో తాతయ్య చూపించిందీ అదే. పిండదశలో రెండేసి కణుపులు కలిసి ఒకటవుతాయి కాబట్టి ఒక్కో దానికి రెండు జతలు వస్తాయట. దానివల్ల లాభం వేగం కాదు, తోపు. పొట్టి పొట్టి కాళ్ళు వందలకొద్దీ ఒకే దిక్కుకి నెట్టడంతో మొద్దు తల గట్టి మట్టిలోకి కూడా దూసుకుపోతుంది. పిడికిలి మూసి పట్టుకుంటే వేళ్ళ సందులోంచి తోసుకుని వచ్చేది గుర్తుందా? ఆ బలం ఎక్కణ్ణుంచి వచ్చేదో నాకు అప్పుడు అర్థమైంది.

అదే పుస్తకంలో ఇంకో సంగతి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకి సాధారణంగా మూడే జతల కాళ్ళుంటాయి. కుబుసం విడిచినప్పుడల్లా కణుపులు పెరుగుతాయి, కాళ్ళు పెరుగుతాయి. అంటే 'రోకలిబండకి ఎన్ని కాళ్ళు' అన్న ప్రశ్నకి ముందు 'దాని వయసెంత' అని అడగాలి. 'పెద్దదైతే ఉంటాయి' అని అక్క మొండిగా అన్న మాటలో కొంత నిజం ఉందన్నమాట. కొంతే. ఇప్పుడు బతికున్నవాటిలో అతి పెద్దది ఆఫ్రికాలోది, ముప్ఫై సెంటీమీటర్లు దాటుతుంది, మోచేయంత పొడవు. దాని కాళ్ళు సుమారు 256.

ఎప్పుడో ముప్ఫై కోట్ల ఏళ్ళ కిందట వీటి బంధువు ఒకటి ఉండేది, ఆర్థ్రోప్లూరా అని. ఇంగ్లండు సముద్రతీరంలో 2018లో విరిగిపడ్డ ఒక రాతిబండలో దాని ఒంటి భాగం దొరికింది. దాన్నిబట్టి పొడవు రెండున్నర మీటర్ల పైనే, బరువు యాభై కిలోలని అంచనా వేశారు. మా పెరట్లో అది గనక కనిపించి ఉంటే అక్క పర్యవేక్షణ ఏ పాటిదో తేలిపోయేది.

వీటిని ముట్టుకుంటే వేళ్ళకి అంటే రంగు గుర్తుందా? పసుపుగా మొదలై, ముదురు గోధుమరంగుకి తిరిగి, ఎంత రుద్దినా రోజుల తరబడి పోయేది కాదు. ముక్కు పుటాలు మండించే ఘాటు వాసన ఒకటి. "ఆ చేత్తో కళ్ళు నలుపుకున్నావంటే చూడు" అని అమ్మ అరిచేది. అమ్మ అరిచిందంటే ఊరికే కాదు. కణుపుల పక్కన సన్నటి రంధ్రాలుంటాయి, భయపడితే అందులోంచి బెంజోక్వినోన్లనే రసాయనాలు వదులుతుంది. చర్మానికి రంగు అంటించేవి అవే, కంట్లో పడితే మంట. బల్లపరుపుగా ఉండే ఇంకో రకం ఏకంగా హైడ్రోజన్ సయనైడ్ వదులుతుంది, దాంతోపాటు బాదం వాసన వస్తుంది. ఇంత ఏర్పాటున్నా కొన్ని కోతులు వీటిని వెతికి మరీ పట్టుకుంటాయి. దక్షిణ అమెరికాలో కపుచిన్ కోతులు వీటిని ఒళ్ళంతా రుద్దుకుంటాయి. ఆ రసం దోమల్ని దగ్గరికి రానివ్వదు.

నేను ఒకదాన్ని జామెట్రీ బాక్సులో పెట్టుకుని బడికి తీసుకెళ్ళాను. పక్కవాడికి చూపిద్దామని. మూడో పీరియడ్లో మూత తీస్తే కంపు గుప్పుమంది, వృత్తలేఖిని అంతా మరకలు. సార్ నా బెంచీ వైపు నడిచి వస్తుంటే పుట్టిన టెన్షన్ ఇప్పటికీ తలుచుకుంటే కడుపులో కదులుతుంది. ఆయన బాక్సు తీసుకుని చూశారు, కిటికీ దగ్గరికెళ్ళి దాన్ని మెల్లగా బయట చెట్టు మొదట్లో దులిపారు, వెనక్కి వచ్చి పాఠం కొనసాగించారు. ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బావుండుననిపించింది. ఆ మరకలు పదో తరగతి దాకా అలాగే ఉన్నాయి.

అక్క దాచింది మరోటి. చచ్చిపోయి ఎండిన రోకలిబండల పెంకు వానకి తడిసి ఎండకి ఎండి తెల్లగా అయిపోయేది. కణుపులు విడిపోయి, ఎవరో పూసల దండ తెంపి పారబోసినట్టు మట్టిలో చెల్లాచెదురుగా పడి ఉండేవి. అక్క వాటిని ఏరి అగ్గిపెట్టెలో దాచుకునేది. పెంకులో సున్నం ఉంటుంది, అందుకే అంత గట్టి, అందుకే ఆ తెలుపు. అక్కకి ఆ కారణంతో పనిలేదు. ఊపితే అగ్గిపెట్టె గలగలమనేది, అది చాలు.

రైలుపురుగు అని నేను పెట్టిన పేరు ఇంట్లో ఎవరూ వాడలేదు. జపాన్ సంగతి చదివాక మాత్రం నా పేరే గెలిచిందనిపించింది. అక్కడ మధ్య హోన్షూ కొండల్లో ఒక రకం రోకలిబండలు ఎనిమిదేళ్ళకోసారి లక్షల్లో బయటికొస్తాయి. పట్టాల మీదికి చేరితే, చక్రాల కింద నలిగి పట్టాలు జారుడుగా మారి, రైళ్ళు ఆగిపోతాయి. 1920 నాటికే ఇలా జరిగినట్టు రాసిపెట్టి ఉంది. అక్కడివాళ్ళు వాటిని రైలు రోకలిబండలనే పిలుస్తారు. సరిగ్గా ఎనిమిదేళ్ళ లెక్క తప్పకుండా నడుస్తోందని అక్కడి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కాపుకాసి 2021లో తేల్చారు.

ఆ 2021 డిసెంబరులోనే అసలు కబురు వచ్చింది. అప్పటిదాకా కాళ్ళ సంఖ్యలో రికార్డు కాలిఫోర్నియాలోని ఇలాక్మీ ప్లెనిపెస్ అన్నదానిది, ఏడు వందల యాభై. 1928లో దానికి పేరు పెట్టారు, తర్వాత దాదాపు ఎనభై ఏళ్ళు మళ్ళీ ఎవరి కంటా పడలేదు. 2005లో పాల్ మారెక్ అనే పరిశోధకుడు అదే జిల్లాలో దాన్ని తిరిగి పట్టుకున్నాడు. వెయ్యికి అది కూడా చాలా దూరం. ఇక వెయ్యి కాళ్ళనేది మాటవరసకే అని అందరూ సరిపెట్టుకున్నారు. ఈలోపు పడమటి ఆస్ట్రేలియాలో ఖనిజాల కోసం వేసిన బోరు రంధ్రంలోంచి, నేలకి అరవై మీటర్ల లోతు నుంచి, దారప్పోగంత పురుగు ఒకటి పైకొచ్చింది. లెక్కపెడితే 1,306 కాళ్ళు. మళ్ళీ ఆ మారెక్కే, తన బృందంతో కలిసి దానికి యూమిల్లిపెస్ పెర్సెఫొనే అని పేరు పెట్టాడు. యూ అంటే నిజమైన. పెర్సెఫొనే గ్రీకు పురాణాల్లో పాతాళానికి రాణి.

ఫోన్లో ఆ వార్త చదివిన వెంటనే అక్కకి ఫోన్ చేశాను. వేళ కాని వేళ ఫోను మోగేసరికి "ఏమైందిరా?" అని కంగారుపడింది. సంగతి చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "నేను చెప్పలా?" అంది. అన్నేళ్ళ నాటి మాట, నిన్న సాయంత్రం అన్నట్టు.

"చెప్పావులే. పెద్దదైతే ఉంటాయన్నావు. ఇది పది సెంటీమీటర్లు కూడా లేదు, వెడల్పు మిల్లీమీటరు లోపే. కళ్ళు కూడా లేవు దానికి" అన్నాను.

"కణుపులెన్ని?" అని అడిగింది. మేష్టారి మనవరాలు కదా.

మూడు వందల ముప్ఫై అని చెప్పాను. అవతల కాగితం చప్పుడైంది. నాలుగుతో హెచ్చవేస్తే 1,320. తల వెనక కణుపుకి లేని నాలుగూ తీసెయ్. తర్వాతి మూడింటికి రెండేసి తక్కువ, అవి ఆరు. తోక చివర ఇంకో నాలుగు. "పద్నాలుగు పోతే... 1,306. ఒరేయ్, సరిపోయిందిరా!" అంది. తాతయ్య పెన్సిలు లెక్క అరవై మీటర్ల లోతులో కూడా ఒక్క కాలు తేడా రాకుండా పనిచేసింది.

అక్కడితో వదిలేస్తే అది మా అక్క ఎందుకవుతుంది. "అంటే పుస్తకం రైటే కదా" అంది. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఈ పురుగు సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి అప్పటికి తప్పే అని నేను. ఎవరికీ తెలియకపోయినా నేలలో ఉంది కదా, కాబట్టి అప్పటికీ రైటే అని తను. ఆ రాత్రి ఇద్దరికీ వేరే పని లేనట్టు చాలాసేపు వాదించుకున్నాం.

చివరికి నా దగ్గరున్న ఆఖరి ముక్క వేశాను. ఆ రకంలో వాళ్ళు వివరంగా చూసినవి నాలుగే. రెండు మగవాటికి 778, 818. రెండో ఆడదానికి 998. అంటే నాలుగింటిలో వెయ్యి దాటింది ఒక్కటే.

"తొమ్మిది వందల తొంభై ఎనిమిదా!" అని అక్క నిజంగానే నొచ్చుకుంది. "ఇంకొక్కసారి కుబుసం విడిచేదాకా ఆగాల్సిందిరా వాళ్ళు."